అటక మీది క్యాసెట్లకి ఈ వేసవి సెలవులు

ఎండలకి ఇల్లు కదలని వారం దొరికితే, కాలేజీ రోజుల్లో ఫ్రెండ్స్‌తో పాడి రికార్డు చేసుకున్న క్యాసెట్లు అటక మీంచి దించి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోండి. వెంటనే ప్లే చేయొద్దు. టేపు మీద తెల్లటి బూజు ఉంటే పక్కన పెట్టేయాలి, లేకపోతే ప్లేయర్‌కీ మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది. బాగున్నవాటిని చివరిదాకా ఫార్వర్డ్ చేసి మళ్లీ రివైండ్ చేస్తే ఏళ్ల తరబడి బిగుసుకున్న చుట్లు వదులవుతాయి. వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాట చెరిగిపోదు.

తర్వాత ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకోవడమే. ల్యాప్‌టాప్‌కి లైన్-ఇన్ (బయటి ఆడియో తీసుకునే సాకెట్) లేకపోతే చిన్న యూఎస్‌బీ ఆడియో కార్డు కావాలి. సి-90 క్యాసెట్‌కి (రెండు వైపులా కలిపి 90 నిమిషాలది) గంటన్నర పడుతుంది. శ్రుతి తప్పిన చోట్లు మాత్రం కట్ చేయకండి, అసలు మజా అక్కడే!