ఇంట్లోనే లేజర్ రెజిన్ ప్రింటర్ – 3వ పాఠం: ఉప్పునీటితో పొర లేపడం

గత పాఠంలో రెండు పాత స్పీకర్లకు అద్దం ముక్కలు అతికించి, లేజర్ చుక్కను నాలుగు వైపులా తిప్పాం. ఇక ఎత్తు సంగతి చూడాలి. లేజర్ కాంతి తగిలితే గట్టిపడే ద్రవమే రెజిన్. ఒక పొర గట్టిపడగానే దాని మీదికి 0.1 మిల్లీమీటరు మందాన కొత్త రెజిన్ రావాలి. కొనే యంత్రాల్లో ఈ పని మోటారుది. మనకు ఉప్పు చాలు.

ఈ ఉపాయం నాది కాదు. 2013లో కెనడాకు చెందిన రైలాన్ గ్రేస్టన్ ‘పీచీ ప్రింటర్’ పేరుతో దీన్ని చూపించి, కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో చందాలు పోగుచేశాడు. తర్వాత డబ్బు వ్యవహారం చెడి, చాలామంది చందాదారులకు యంత్రం అందలేదు. ఉపాయానికి మాత్రం ఏ లోపమూ లేదు.

రెజిన్ మంచినీటిలో మునుగుతుంది, చిక్కటి ఉప్పునీటిపై తేలుతుంది. అడుగున ఉప్పునీరు పెరిగిన కొద్దీ పైనున్న రెజిన్ లేస్తుంది. గిన్నె అడుగుకు బిగించిన పీటమీది వస్తువు కదలదు. నీటితో కడిగే రకం రెజిన్ కొనకండి, అది ఉప్పునీటిలో కలిసిపోవచ్చు.

విత్తన వడ్లలో తాలు తేల్చే రైతులు కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలుపుతారు. మనకు ఆ చిక్కదనం చాలదు. 100 మిల్లీలీటర్ల నీటికి 30 గ్రాముల ఉప్పు కరిగించి, పలుచని గుడ్డలో వడకట్టండి. కల్లుప్పులోని మట్టి సన్నని గొట్టాన్ని మూసేస్తుంది.

ఉప్పునీటిని సీసాలోంచి చుక్కచుక్కగా వదలడానికి మందుల దుకాణంలో సెలైన్ సెట్టు అడగండి. సాధారణ రకం మిల్లీలీటరుకు 20 చుక్కలు వదులుతుంది. ఆ అంకె ప్యాకెట్ మీదే ఉంటుంది. 10 సెంటీమీటర్ల చదరపు గిన్నెలో 0.1 మిల్లీమీటరు లేవాలంటే 1 మిల్లీలీటరు, అంటే 20 చుక్కలు కావాలి. అయితే ఉప్పునీటి చుక్క మంచినీటి చుక్కంత ఉండదు. 200 చుక్కలను సిరంజిలో పట్టి కొలిచి, మీ లెక్క మీరే కట్టుకోండి. గిన్నె గోడలు నిటారుగా ఉండాలి, లేకపోతే ఈ లెక్కంతా వృథా.

చుక్కలను సమయంతో లెక్కించవద్దు. సీసాలో మట్టం తగ్గితే వేగం మారవచ్చు. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి, చుక్క పడే దారిలో 2 మిల్లీమీటర్ల ఎడంతో రెండు పెన్సిల్ ములుకులు పెట్టండి. చుక్క రెండింటినీ తాకిన ప్రతిసారీ ఆర్డుయినో అనే చిన్న కంట్రోలు బోర్డు ఒకటి లెక్కిస్తుంది. రాగి తీగలైతే ఉప్పుకు త్వరగా చిలుము పడతాయి. ములుకుల మధ్య తడి నిలిచిపోకుండా వాటిని కాస్త వాలుగా బిగించండి.

చుక్క నేరుగా రెజిన్ మీద పడకూడదు. గరాటు కింద గొట్టం తగిలించి, దాన్ని గిన్నె అడుగుదాకా దించండి. పొర లేచాక రెజిన్ సర్దుకోవడానికి కొన్ని సెకన్లు ఆగి, తర్వాతే లేజర్ వెలిగించాలి. చిక్కటి రెజిన్‌కు ఇంకా ఎక్కువ ఓపిక కావాలి.

405 నానోమీటర్ల కాంతిని ఆపే కళ్లద్దాలు లేకుండా లేజర్ ముట్టుకోవద్దు. ఈ విషయంలో పొదుపు పనికిరాదు, మామూలు చలువ కళ్లద్దాలు అసలే వద్దు. చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. మిగిలిన రెజిన్‌ను, రెజిన్ తగిలిన ఉప్పునీటిని కాలువలో పారబోయకండి. ఎండలో పెడితే రెజిన్ గట్టిపడుతుంది, అప్పుడు తీసి పారేయవచ్చు.

మట్టం లేచిన కొద్దీ అద్దానికీ రెజిన్‌కూ దూరం తగ్గి బొమ్మ కుంచించుకుపోతుంది. 40 సెంటీమీటర్ల దూరంలో మొదలుపెట్టి 4 సెంటీమీటర్లు లేపితే పదో వంతు తగ్గుతుంది. దాన్ని సరిదిద్దే లెక్క 4వ పాఠంలో. ఈలోగా రెజిన్ బదులు రంగు కలిపిన వంటనూనె పోసి, లేజర్ ఆపేసి, 100 పొరలకు మట్టం సరిగ్గా 1 సెంటీమీటరు లేస్తోందో లేదో స్కేలుతో చూడండి.