చలికాలానికి ముందు క్యారవాన్ చక్రాలకు తాళం: పాటించవలసిన జాగ్రత్తలు

బ్రిటన్‌లో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరిగిన నాటి నుంచి టూరింగ్ క్యారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) యజమానులు మరింత మెలకువగా ఉండవలసిన కాలం మొదలవుతుంది. వేసవి వారాంతాల్లో వేల్స్ తీరానికో, లేక్ డిస్ట్రిక్ట్‌కో కారు వెనక తగిలించి తీసుకువెళ్ళిన బండి ఇక ఈస్టర్ దాకా ఇంటి ముందు డ్రైవ్‌వేలోనో, అద్దెకు తీసుకున్న నిల్వ స్థలంలోనో కదలకుండా ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, వారాల తరబడి ఎవరూ దాని దగ్గరకు వెళ్ళరు. 2021 డిసెంబరు 16 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో మామూలు కారు లైసెన్సుతోనే 3500 కిలోల గరిష్ఠ బరువు గల ట్రెయిలర్‌ను లాగవచ్చు కనుక, 1997 తర్వాత ఇక్కడ లైసెన్సు తీసుకున్న మన తెలుగు కుటుంబాలకు కూడా విడిగా మరో పరీక్షకు వెళ్ళే అవసరం తప్పింది. సంక్రాంతికి సొంతూరు వెళ్ళే కుటుంబాల ఇళ్ళకు తాళం పడేది కూడా ఈ నెలల్లోనే కాబట్టి, ఈ జాగ్రత్తలు వారికి మరీ ముఖ్యం.

క్యారవాన్‌ను ఎత్తుకుపోవడం కారును ఎత్తుకుపోవడం కంటే ఎందుకు సులువో ముందుగా గ్రహించాలి. దానికి ఇంజన్ లేదు, సరైన తాళం చెవి లేకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ లేదు, సొంత నంబరు ప్లేటు కూడా లేదు. ఏ కారు లాగుతుంటే ఆ కారు నంబరే వెనక తగిలించుకోవాలన్నది ఇక్కడి నిబంధన కనుక, దొంగ తన వాహనం నంబరు ప్లేటు దానికి పెట్టుకుని రోడ్డెక్కితే చూసేవారికి ఏ అనుమానమూ రాదు. కారుకు ఉన్నట్లు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రం కూడా దీనికి లేదు. 1992లో మొదలైన క్రిస్ అనే నమోదు పథకంలో 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య మాత్రం ఉంటుంది, దానిని ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) మీదా కిటికీ అద్దాల మీదా చెక్కుతారు. ఆ సంఖ్య బండి దొరికాక అది మనదేనని చెప్పడానికి పనికివస్తుంది, బండి వాకిలి దాటకుండా ఆపేది మాత్రం చక్రం తిరగనివ్వని తాళమే.

హిచ్ లాక్ (బండిని కారుకు తగిలించే చోట వేసే తాళం) ఒక్కటి చాలునని చాలామంది అనుకుంటారు. హిచ్ లాక్ తప్పకుండా ఉండవలసిందే; అయితే కారుకు తగిలించే ఆ తల భాగం సాధారణంగా రెండు బోల్టులతో ముందరి ఇనుప చట్రానికి బిగించి ఉంటుంది కాబట్టి, ఆ బోల్టుల తలలను కూడా కప్పే రకం కాకపోతే మొత్తం తల భాగాన్నే విప్పి మరొకటి బిగించే అవకాశం ఉంది. అదీ కాకపోతే చట్రానికి గొలుసు కట్టి మరో వాహనంతో ఈడ్చుకుపోవచ్చు. చక్రం బిగుసుకుని ఉంటే ఈ రెండు మార్గాలూ మూసుకుపోతాయి. అందుకే ఉన్న డబ్బు ఒకే మంచి తాళానికి సరిపోయే పరిస్థితి వస్తే దానిని చక్రం మీదే పెట్టమని నేను చెబుతాను, హిచ్ లాక్‌ను ఆ తర్వాత వీలైనంత త్వరగా చేర్చుకోవచ్చు.

తాళం కొనడానికి ముందు బీమా పత్రం తీసి చదవాలి. కారు బీమా సాధారణంగా క్యారవాన్ కారుకు తగిలించి ఉన్నప్పుడు ఇతరులకు కలిగే నష్టానికే వర్తిస్తుంది, దొంగతనానికి వర్తించదు. దానికి విడిగా క్యారవాన్ పాలసీ తీసుకోవాలి. ఆ పాలసీలో ఎలాంటి వీల్ లాక్ (చక్రం తాళం) ఉండాలో, అది ఏ సందర్భాల్లో వేసి ఉండాలో స్పష్టంగా రాసి ఉంటుంది. అనేక పాలసీలు సోల్డ్ సెక్యూర్ ఆమోదం పొందిన తాళం కావాలంటాయి. ఇది 1992లో నార్తంబ్రియా, ఎసెక్స్ పోలీసులు బ్రిటన్ హోం శాఖ తోడ్పాటుతో ప్రారంభించిన పరీక్షా వ్యవస్థ, ప్రస్తుతం తాళాల నిపుణుల సంఘం దీనిని నడుపుతోంది. దొంగలు వాడే పనిముట్లతోనే తాళం మీద దాడి చేసి, ఎంతసేపు నిలిచిందో చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అనే శ్రేణులు ఇస్తారు. పాలసీలో గోల్డ్ అని రాసి ఉండగా సిల్వర్ తాళం వేసి ఉంచితే, బండి పోయిన రోజున ఆ ఒక్క మాట మీదే పరిహారం ఆగిపోవచ్చు. అర్థం కానిది ఏదైనా ఉంటే సంస్థకు ఈమెయిల్ పంపి, రాతపూర్వకంగా జవాబు తీసుకుని భద్రపరచుకోవడం మంచిది.

వీల్ లాక్‌లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది టైరును, చక్రాన్ని బయటి నుంచి పట్టుకునే క్లాంప్. దీనిని ఏ పార్కింగు స్థలంలోనైనా తొందరగా వేయవచ్చు, ముదురు పసుపు రంగులో దూరానికే కనిపిస్తుంది, పాత బండ్లకు కూడా సరిపోతుంది. కానీ టైరు వెడల్పుకు అది సరిగ్గా సరిపోకపోతే, టైరులో గాలి తీసేసి వదులైన క్లాంప్‌ను పక్కకు లాగేసే ప్రమాదం ఉంది. చక్రం బోల్టులను కప్పని క్లాంప్ అయితే ఆ చక్రాన్నే ఊడదీసి వెంట తెచ్చుకున్న మరో చక్రం బిగించుకుని పోవచ్చు. కాబట్టి కొనేటప్పుడు టైరు పక్కన ముద్రించి ఉన్న కొలతను రాసుకుని వెళ్ళాలి, బోల్టులను కప్పే పలక ఉన్న రకాన్నే ఎంచుకోవాలి, వేశాక రెండు చేతులతో గట్టిగా ఊపి చూడాలి. వేలు దూరేంత సందు కనిపిస్తే ఆ కొలత మీ చక్రానికి పనికిరాదు.

రెండవది ఆల్కో సెక్యూర్ వంటి తాళం. ఆల్కో అనే సంస్థ తయారుచేసిన ఛాసిస్ మీద కట్టిన అనేక క్యారవాన్‌లకు చక్రం వెనక రిసీవర్ అనే ఇనుప భాగం బిగించి ఉంటుంది. అల్లాయ్ చక్రం చువ్వల మధ్య నుంచి తాళాన్ని లోపలికి పంపి ఆ రిసీవర్‌లోకి బోల్టు బిగిస్తే, తాళం చువ్వల మధ్య ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు, ఊడదీయడానికీ అడ్డుపడుతుంది. నా అభిప్రాయంలో నెలల తరబడి నిలిపి ఉంచే బండికి ఇదే మేలైనది. అయితే ఒక్కో చక్రం నమూనాకు ఒక్కో రకం భాగం ఉంటుంది కనుక, వాడిన తాళం చవకగా వచ్చిందని కొనేముందు అది మీ చక్రం నమూనాకు సరిపోయేదేనా అని తప్పకుండా సరిచూసుకోవాలి. అల్లాయ్ చక్రాలు మార్చినవారు తాళం మళ్ళీ సరిపోతుందో లేదో చూసుకోకుండా పాత తాళాన్ని నమ్ముకోకూడదు.

ఈ రకం తాళంలో అందరినీ విసిగించేది చువ్వల సందు రిసీవర్‌కు ఎదురుగా రావడం. బండిని నిలిపిన చోట చువ్వ సరిగ్గా రిసీవర్‌కు అడ్డుగా వచ్చి ఆగిందంటే తాళం లోపలికి వెళ్ళదు, బండిని అంగుళాల లెక్కన ముందుకో వెనక్కో జరపాలి. దీనికి ఒక తేలికైన ఉపాయం ఉంది. పగటి వెలుతురులో ఒకసారి ఓపికగా సందును, రిసీవర్‌ను ఎదురెదురుగా తెచ్చి, ఆ స్థితిలో టైరు పక్క భాగం మీద ఒక గీత, దానికి నేరుగా పైన చక్రం గూడు అంచు మీద చిన్న టేపు ముక్క పెట్టుకుంటే, తర్వాత చీకట్లోనైనా వెనక నిలబడి దారి చూపేవారు ఆ రెండు గుర్తులూ కలిసినప్పుడు ఆపమని చెప్పవచ్చు. ఎత్తుపల్లాల నేల మీద ర్యాంపు వాడుతున్నట్లయితే ర్యాంపు ఎక్కించాకే గుర్తులు కలవాలి.

తాళం బిగించే పద్ధతిలో కూడా శ్రద్ధ అవసరం. రిసీవర్ రంధ్రంలో రోడ్డు బురద, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు చేరి గట్టిపడతాయి, కాబట్టి ముందు చిన్న బ్రష్షుతో రంధ్రాన్ని, బోల్టు మరలను శుభ్రం చేయాలి. బోల్టును మొదటి కొన్ని చుట్లు చేత్తోనే తిప్పాలి. చేతికి సాఫీగా తిరగకపోతే మరలు వంకరగా పడ్డాయని అర్థం, అప్పుడు స్పానరుతో బలవంతం చేస్తే మరలు అరిగిపోయి తాళం బిగియదు, ఒక్కోసారి బిగిసి మళ్ళీ రాదు. తాళం చెవి తిప్పి తీశాక చెవి రంధ్రం మీది రబ్బరు మూతను మరచిపోకుండా వేయాలి, నీళ్ళు లోపలికి చేరి గడ్డకడితే జనవరిలో తాళం తెరుచుకోదు. తాళం లోపల వేయవలసిన కందెన ఏదో తయారీదారు చెప్పినదే వాడాలి, వంటింట్లోని నూనెలు పోస్తే దుమ్ము అంటుకుని ముద్దకడుతుంది.

రెండు ఇరుసుల క్యారవాన్ ఉన్నవారు ఒకే వైపు ఉన్న రెండు చక్రాలకూ తాళాలు వేయాలి. ఒక్క చక్రానికే తాళం ఉంటే ఆ చక్రాన్ని నేల నుంచి పైకి లేపి, మిగిలిన వాటి మీద బండిని లాక్కుపోవచ్చు, అందుకే పాలసీలు కూడా సాధారణంగా రెండింటినీ అడుగుతాయి. ముందు చక్రం సందు రిసీవర్‌కు కుదిరినప్పుడు వెనక చక్రానిది కుదరకపోవడం సహజం. అప్పుడు ఛాసిస్‌కు నిర్దేశించిన జాకీ స్థానంలోనే జాకీ పెట్టి, బండి కారుకు తగిలించి ఉండగా, కారు హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదుటి వైపు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టిన తర్వాతే క్యారవాన్ బ్రేక్ వదిలి, ఆ చక్రాన్ని కొద్దిగా లేపి చేత్తో తిప్పాలి. మూలల్లో ఉండే కార్నర్ స్టెడీలు బండిని నిలకడగా ఉంచడానికే తప్ప ఎత్తడానికి కావు, వాటితో ఎత్తితే బండి ఫ్లోరు దగ్గర చట్రం దెబ్బతింటుంది. జాకీ మీద ఉన్న బండి కిందకు ఎవరూ చేయి గానీ తల గానీ పెట్టకూడదు, పిల్లలను ఆ చుట్టుపక్కలకే రానివ్వకూడదు.

నెలల తరబడి ఆపే బండికి హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచితే బ్రేకు షూలు డ్రమ్ములకు అంటుకుపోయే అవకాశం ఉంది కనుక, చాలామంది చదునైన నేల మీద దిమ్మలు పెట్టి బ్రేక్ వదిలేస్తారు. వీల్ లాక్ ఉంది కదా అని దిమ్మలు మానేయడం మాత్రం పొరపాటు, ఆ తాళం బండి బరువును వాలు మీద ఆపడానికి తయారైనది కాదు. నెలకొకసారి వెళ్ళి టైర్లలో గాలి చూడాలి, గాలి తగ్గితే క్లాంప్ వదులవుతుందని పైన చెప్పుకున్నాం. అదే సమయంలో తాళం ఒకసారి తెరిచి, బండిని పక్క సందు ఎదురుగా వచ్చేంత జరిపి మళ్ళీ వేస్తే, టైరు ఒకే చోట నలగకుండా ఉంటుంది, తాళమూ బిగుసుకుపోదు. కొందరు చక్రాలు తీసేసి స్టాండ్ల మీద నిలుపుతారు. కొన్ని పాలసీలు దానిని వీల్ లాక్‌కు బదులుగా ఒప్పుకోవు, అడిగి తెలుసుకోకుండా ఆ పని చేయవద్దు. వసంతంలో చక్రాలు తిరిగి బిగించేవారు బండి పుస్తకంలో రాసిన బిగుతుకు టార్క్ రెంచ్ (బిగుతును కొలిచే స్పానరు)తో బిగించి, దాదాపు 30 మైళ్ళు వెళ్ళాక మరోసారి సరిచూడాలి.

తాళం చెవుల విషయంలో చిన్న అలక్ష్యం కూడా ఖరీదైనది. రెండో చెవిని క్యారవాన్ డ్రాయరులోనో, ముందరి గ్యాస్ పెట్టెలోనో దాచడం దొంగకు అప్పగించడమే అవుతుంది. రెండు చెవులూ ఇంట్లో వేర్వేరు చోట్ల ఉండాలి, చెవి మీది కోడ్ నంబరు, కొన్న రసీదు, తాళం మీది సోల్డ్ సెక్యూర్ ముద్ర ఫోటో ఒకచోట భద్రపరచాలి. బండి పోయినప్పుడు బీమా సంస్థలు తరచుగా అన్ని చెవులనూ చూపమంటాయి. బండిని నిలిపిన రోజున తాళం చక్రానికి వేసి ఉన్నట్లు, పక్కన మీ ఇంటి గోడ కనిపించేలా ఒక ఫోటో తీసుకోండి.

డ్రైవ్‌వేలో హిచ్ వైపును ఇంటి గోడకు, వెనక భాగాన్ని రోడ్డుకు ఉంచి నిలిపితే తగిలించుకుని పోవడం కష్టమవుతుంది. మూవర్ (కారు లేకుండా బండిని జరిపే మోటారు) ఉన్నవారు దాని రిమోట్‌ను ఇంట్లో పెట్టి, బ్యాటరీ స్విచ్ ఆపాలి. బండి ఎక్కడుందో తెలిపే ట్రాకర్ ఉంటే మాత్రం దానికి విద్యుత్తు అందుతోందో లేదో ముందుగా చూసుకోవాలి. నిల్వ స్థలం తీసుకునేవారు క్యాసోవా (క్యారవాన్ నిల్వ స్థలాల యజమానుల సంఘం) ఇచ్చే బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ వంటి శ్రేణులను అడిగి తెలుసుకుని ఎంచుకోవచ్చు, కానీ గేటు ఎంత గట్టిదైనా లోపల కూడా వీల్ లాక్ వేయడం మానకూడదు. ఊరికి వెళ్తున్న తేదీలను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకుండా, పక్కింటివారికి ఒక ఫోన్ నంబరు ఇచ్చి, బండి కదులుతున్నట్లు కనిపిస్తే ఎవరికీ అనుమతి ఇవ్వలేదని ముందే చెప్పి వెళ్ళాలి.

దారిలో మోటర్‌వే సర్వీసెస్ దగ్గర టీ కోసం ఆగినప్పుడు కూడా ప్రమాదం ఉంటుంది. అక్కడ చువ్వల సందు కుదిర్చే తీరిక ఉండదు కాబట్టి, కారుకు తగిలించి ఉండగానే వేయగల హిచ్ లాక్ వేసి, వీలైతే ఒకరు బండి కనిపించే చోట కూర్చోవాలి. బయలుదేరేముందు తాళాలు తీయడం మరచిపోతే క్లాంప్ చక్రం గూడును చీల్చేస్తుంది. తాళం వేసిన ప్రతిసారీ కారు స్టీరింగుకు ఒక ఎర్ర గుడ్డ కట్టి, తాళాన్ని పెట్టెలో పెట్టాకే దానిని విప్పే అలవాటు చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

ఇన్ని చేసినా బండి పోతే, దొంగతనం కళ్ళ ముందు జరుగుతుంటే పోలీసుల అత్యవసర నంబరు 999కి, తర్వాత తెలిస్తే 101కి ఫోన్ చేసి క్రైమ్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకోవాలి. దొంగలను అడ్డుకోవడానికి బయటకు పరుగెత్తవద్దు. ఆ తర్వాత బీమా సంస్థకు, క్రిస్ నమోదు కేంద్రానికి తెలియజేసి, 17 అక్షరాంకెల సంఖ్యను, ఫోటోలను అందించాలి. తెగిన తాళం ముక్కలు నేల మీద కనిపిస్తే వాటిని ఊడ్చి పారేయకుండా, పడినచోటే ఫోటో తీసి, పోలీసులు చూసేవరకు ముట్టుకోకుండా ఉంచాలి. వారు తీసుకెళ్ళకపోతే బీమా పరిశీలకుడి కోసం ఒక సంచిలో దాచాలి.