ఇంట్లో ఒకళ్ళు తిండి దగ్గర నలిగిపోతుంటే మనం ఎలా ఉండాలి

ఈటింగ్ డిజార్డర్ (లావవుతామన్న భయంతో తిండి మానెయ్యడం, తిన్నది వాంతి చేసుకోవడం లాంటి జబ్బు) ఉన్నవాళ్ళలో చాలామందికి డిప్రెషన్ కూడా ఉంటుంది, ఏది ముందొచ్చిందో తేల్చాలని పంచాయితీ పెట్టక్కర్లేదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్ళకి ఆర్నెల్లు తిండి దాదాపు సగానికి తగ్గించి చూశారు, అప్పటిదాకా బానే ఉన్నోళ్ళకి దిగులు, చిరాకు, ఎవరితోనూ కలవబుద్ధి కాకపోవడం, ఇరవై నాలుగ్గంటలూ తిండి ధ్యాసే. అందుకే మనసు బాగైతే అదే తింటుందిలే అని కూర్చోకండి, బరువు బాగా తగ్గిపోయినప్పుడు డిప్రెషన్ మందులు కూడా అంతగా పనిచెయ్యవు.

ఇక భోజనం దగ్గర. ముక్కని నాలుగు చేసి, దాన్ని మళ్ళీ నాలుగు చేసి పళ్ళెం అంచుకి తోస్తుంటారు, చూస్తుంటే మనకి ఒళ్ళు మండుద్ది, "నాలుగు ముద్దలు తింటే ఏం పోయింది నీకు" అని నోటిదాకా వస్తుంది. నేను అనేశా కూడా, ఆ పూట పళ్ళెం అలాగే లేచిపోయింది. పక్కన కూర్చోండి, మీరూ తినండి, వేరే కబుర్లు చెప్పండి, కానీ "ఇంకొంచెం ఉంది, మెల్లగా తిను, నేనిక్కడే ఉంటా" అని మాత్రం వదలకుండా చెప్పండి. "ఇప్పుడు కాస్త ఒళ్ళు చేశావ్, బాగున్నావ్" అనే మాట అస్సలొద్దు, మీరు మెచ్చుకున్నారు, వాళ్ళకి వినపడింది లావయ్యావని.

ఒకళ్ళు తిట్టి ఇంకొకళ్ళు "పోన్లే పాపం" అంటే జబ్బు ఆ సందులోంచి దూరుద్ది, అమ్మానాన్న ముందే పక్క గదిలో మాట్లాడుకుని ఒకే మాట మీద ఉండాలి. తప్పు తల్లి పెంపకానిదే అనే చుట్టాల్ని దూరం పెట్టండి. లండన్‌లోని మాడ్‌స్లే హాస్పిటల్‌లో 1980ల్లో మొదలైన పద్ధతిలో టీనేజ్ పిల్లల తిండి బాధ్యత అమ్మానాన్నలకే ఇస్తారు, మీరే కారణమని పక్కన కూర్చోబెట్టరు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి. వాంతులు చేసుకునేవాళ్ళకి పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు, కళ్ళు తిరిగి పడినా గుండె దడగా ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకే. చాన్నాళ్ళు పస్తున్నోళ్ళకి ఒక్కసారిగా కుక్కి పెట్టడం కూడా ప్రమాదమే, డాక్టర్ చెప్పినట్టే పెంచాలి. ఇంకోటి, సిగ్గుపడి డాక్టర్‌కి దిగులు ఒక్కటే చెప్పి వాంతుల సంగతి దాచేస్తారు, బ్యూప్రోపియాన్ అనే డిప్రెషన్ మందు రాస్తే అలాంటోళ్ళకి ఫిట్స్ రావొచ్చు, కాబట్టి వాళ్ళు చెప్పలేకపోతే వాళ్ళతో ముందే మాట్లాడుకుని మీరే చెప్పండి.