స్లాబు మీద సోలార్ పెట్టించాలా వద్దా: ముందు 12 నెలల బిల్లులు తీయండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఎండకు కొదవ లేదు. సరిగ్గా బిగిస్తే ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు, ఏడాదికి 1,400 యూనిట్ల దాకా ఇస్తాయి. తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: బిల్లు ఎంతొస్తోంది, స్లాబు మీద నీడ ఎక్కడ పడుతోంది, మీటరు ఎవరి పేరున ఉంది. ఈ మూడూ తేలేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు.

బిల్లు లెక్క

గత 12 నెలల బిల్లులు ముందేసుకుని నెలనెలా కాలిన యూనిట్లు ఒక కాగితం మీద రాయండి. రూపాయలు వద్దు, యూనిట్లే. బిల్లులు పోతే యూఎస్‌సీ నంబరుతో (మీ కనెక్షన్ నంబరు) మన కరెంటు సంస్థ (డిస్కం) టీజీఎస్పీడీసీఎల్ యాప్‌లో చూడొచ్చు.

గృహజ్యోతి పథకం (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) కింద జీరో బిల్లు వస్తున్న ఇంటికి సోలార్ దండగ. మిగలడానికి అక్కడ బిల్లే లేదు. ఎండాకాలంలో కూలర్లు నడిచి 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు మీద పడుతుంది, నిజమే. కానీ ఆ రెండు మూడు నెలల కోసం లక్ష రూపాయలు పెట్టడం కంటే కరెంటు ఎక్కువ తాగే పాత ఫ్రిజ్ మార్చుకుని 200 లోపు ఉండటం చవక.

బిల్లు కట్టే ఇళ్ల సంగతి వేరు. 2022 నుంచి ఉన్న ధరల ప్రకారం నెలకు 100 దాటి 200 లోపు కాలితే మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు 3.40 రూపాయలు, ఆ పైన 4.80. 200 దాటిందంటే మొదటి 200కే 5.10 పడుతుంది. 201 నుంచి 300 దాకా 7.70, 400 దాకా 9, ఆపైన 800 దాకా 9.50. సోలార్ ముందుగా కోసేది ఎక్కువ ధర పడే ఈ పై యూనిట్లనే. అందుకే ఎక్కువ కాల్చే ఇంటికే త్వరగా గిట్టుబాటవుతుంది.

3 కిలోవాట్లకు 1,90,000 రూపాయల కొటేషన్ వచ్చిందనుకుందాం. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000. చేతి నుంచి పడేది 1,12,000. నెలకు సుమారు 340 యూనిట్లు వస్తాయి. 450 యూనిట్లు కాల్చే ఇంట్లో కరెంటు చార్జీ 3,165 నుంచి 388కి దిగుతుంది, పెట్టిన డబ్బు మూడున్నర ఏళ్ల లోపే తిరిగొస్తుంది. 300 యూనిట్ల ఇంట్లో నెలకు మిగిలేది 1,790, ఐదేళ్లు దాటుతుంది. 180 యూనిట్ల ఇంట్లో 2 కిలోవాట్లు పెట్టి, సబ్సిడీ పోను 80,000 ఖర్చయినా, నెలకు మిగిలేది 724 మాత్రమే, తొమ్మిదేళ్లకు పైనే. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ ఎవరికైనా తప్పవు.

ఏడాది మొత్తం యూనిట్లను 1,400తో భాగిస్తే మీకు కావలసిన కిలోవాట్లు వస్తాయి. దాన్ని కిందికే సవరించుకోండి. సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది, మిగులు యూనిట్లకు డిస్కం ఇచ్చే ధర కూడా తక్కువ. పొలం బోరుకు కరెంటు ఉచితంగా వస్తున్నప్పుడు అక్కడ ఈ లెక్క అసలు పనిచేయదు.

స్లాబు, నీడ, గాలి

కిలోవాట్‌కు నీడపడని చోటు 100 చదరపు అడుగులు కావాలి. 540 వాట్ల ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు, 28 కిలోల దాకా బరువు ఉంటుంది. 3 కిలోవాట్లకు ఇలాంటివి ఆరు. ముఖం దక్షిణానికి, వాలు 15 నుంచి 17 డిగ్రీలు.

నీడను ఎండాకాలంలో చూస్తే మోసపోతాం. మేలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ఏ నీడా కనిపించదు. డిసెంబరు మూడో వారంలో ఉదయం 9 గంటల వేళ నీడ వస్తువు ఎత్తుకు దాదాపు 1.7 రెట్లు సాగి వాయవ్యానికి పడుతుంది. మధ్యాహ్నం 3కి దాదాపు అంతే పొడవున ఈశాన్యానికి. అంటే 3 అడుగుల పిట్టగోడ 5 అడుగులు, స్లాబు మీద 10 అడుగుల ఎత్తున్న నీళ్ల ట్యాంకు 17 అడుగులు తినేస్తుంది. టేపు పట్టి సుద్దముక్కతో గీతలు గీయండి. ప్యానెళ్లన్నీ ఒకే వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మూలన నీడ పడినా మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది. దక్షిణం పక్కన ఖాళీ ప్లాటు ఉంటే రేపు అక్కడ రెండంతస్తులు లేస్తాయేమో కూడా ఆలోచించండి.

మీ స్లాబు మీదే పిల్లర్ సలాకలు పైకి వదిలి ఉన్నాయా? నాలుగైదేళ్లలో పై అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడు ఆగడమే మంచిది. విప్పి మళ్లీ బిగించే ఖర్చు మీదే, విప్పేటప్పుడు అద్దాలు పగలొచ్చు. సిమెంటు రేకుల ఇంటి మీద రేకులకే బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. బరువు నేల నుంచి లేపిన స్తంభాల మీదో, గోడల మీదో పడాలి.

స్లాబు బరువు మోస్తుంది, భయం గాలిదుమారంతోనే. ఏప్రిల్, మేలో వానకు ముందొచ్చే గాలి ప్యానెల్ కిందికి దూరి పైకి ఎత్తుతుంది. బట్టలారేసుకోవడానికి చోటు మిగలాలని 7, 8 అడుగుల ఎత్తులో వేయించుకునేవాళ్లు ఎక్కువ. అంత ఎత్తుకు ఇనుము, బోల్టులు, అడ్డ పట్టీలు అన్నీ పెరగాలి. స్ట్రక్చర్ హాట్‌డిప్ గాల్వనైజింగ్ చేసినదై, జింకు పూత 80 మైక్రాన్లు ఉండాలి. పెయింటు వేసిన మామూలు ఇనుము కొన్ని వానాకాలాలకే తుప్పు పడుతుంది. స్లాబులోకి బోల్టు దించితే ఆ రంధ్రాన్ని రసాయన జిగురుతో నింపి చుట్టూ కాంక్రీటు దిమ్మ కట్టించండి, లేకుంటే వానకు అక్కడే ఉరుస్తుంది.

మన దగ్గర వచ్చే ఇబ్బందులు

ప్యానెళ్లు కడగడానికి చాలా ఇళ్లలో ఉండేది బోరు నీళ్లే. ఉప్పు ఎక్కువున్న ఆ నీళ్లు వేడి అద్దం మీద ఆరితే గీరినా పోని తెల్లటి పొర కడుతుంది. పొద్దున ఎండ ఎక్కకముందే కడిగి, ఆరకముందే రబ్బరు వైపర్‌తో లాగేయాలి. క్రషర్లు, రైస్‌మిల్లులు, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర వారానికోసారి, మిగతాచోట్ల రెండు వారాలకోసారి. మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు పోస్తే అద్దం పగిలే ప్రమాదం ఉంది.

కోతులున్న ఊళ్లో వేలాడే వైరు నిలవదు. వైర్లన్నీ పైపులోనో, మూత ఉన్న ట్రేలోనో పోవాలి.

మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ (కరెంటు లైన్‌కు కలిపి నడిచేది), కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణం కోసం అలా చేశారు. కరెంటు కోతల కోసమే పెట్టించుకోవాలనుకుంటే బ్యాటరీ కావాలి, ఖర్చు లెక్క మొత్తం మారుతుంది. మీ ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైన్ చివర ఉంటే మధ్యాహ్నం వోల్టేజి కొలిపించండి. అప్పటికే 250 దగ్గర ఉంటే సోలార్ దాన్ని ఇంకా పెంచుతుంది, సోలార్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగుతుంది. ముందే కరెంటాఫీసులో ఏఈతో (అసిస్టెంట్ ఇంజినీరు) మాట్లాడి సరిచేయించుకోవాలి.

కాగితాలు, కొటేషన్

మీటరు చనిపోయిన నాన్న పేరునో, ఇల్లమ్మినవారి పేరునో ఉంటే ముందు పేరు మార్పించుకోండి. దరఖాస్తు, మీటరు, బ్యాంకు ఖాతా ఒకే పేరున లేకపోతే సబ్సిడీ దగ్గర పని ఆగుతుంది. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో నమోదైన వెండర్ల నుంచి కనీసం మూడు కొటేషన్లు తీసుకోండి. డీసీఆర్ ప్యానెళ్లు అని రాసి ఉండాలి, దేశంలో తయారైన సెల్స్ కాకపోతే సబ్సిడీ రాదు. రాగి కేబుల్, డీసీకి (ప్యానెళ్ల వైపు), ఏసీకి (ఇంటి వైపు), పిడుగు కడ్డీకి వేర్వేరుగా మూడు ఎర్తింగులు, ఐదేళ్ల మెయింటెనెన్స్, నెట్ మీటరు (లోపలికి వచ్చే, బయటికి వెళ్లే కరెంటును విడివిడిగా లెక్కించేది) ఖర్చు ఎవరిదన్నది కూడా రాయించుకోండి. రాతినేలలో ఎర్తింగ్ గుంత పైపైన తవ్వి వదిలేస్తారు. దగ్గరుండి తవ్వించి, కొలిచి చూపించమనండి.

బిగింపు అయ్యాక నెట్ మీటరు వచ్చేదాకా స్విచ్ వేయొద్దు. పాత మీటర్లలో చాలావరకు బయటికి వెళ్లే కరెంటును కూడా వాడకంగానే లెక్కిస్తాయి, బిల్లు తగ్గకపోగా పెరుగుతుంది. నెట్ మీటరు పెట్టిన రోజు దిగుమతి, ఎగుమతి రీడింగులు ఫొటో తీసి పెట్టుకోండి. వెండర్‌కు చివరి విడత డబ్బు మొదటి నెల బిల్లులో ఎగుమతి యూనిట్లు కనిపించాకే ఇచ్చేలా ముందే ఒప్పందం రాసుకోండి.