నాటుకోడిలో అనుకున్న ఈక రంగు రాబట్టడం: జోడీ కట్టే పద్ధతి, దాని వెనక జన్యువుల లెక్క

తెల్ల పుంజుకి తెల్ల పెట్టను జత చేస్తే పిల్లలన్నీ తెల్లగా వచ్చాయనుకోండి. ఆ పిల్లల్ని వాటిలో వాటికే జత కడితే పదహారింటికి మూడు చొప్పున నల్లవో ఎర్రవో బయటపడొచ్చు. దీన్ని చూసి ఎవరో పుంజు గోడ దూకిందనుకునేవాళ్ళే ఎక్కువ. పుంజు తప్పేమీ లేదు. కోళ్ళలో తెలుపు రెండు రకాలు. కంటికి రెండూ ఒకటే, లోపల పూర్తిగా వేరు. రంగు కోసం కోళ్ళు పెంచేవాళ్ళు మొదట నేర్చుకోవాల్సింది ఇదే: పైకి కనిపించే రంగు ఒకటి, పక్షి మోసుకు తిరిగే రంగు మరొకటి. జోడీ కట్టాల్సింది ఆ రెండోదాన్ని తెలుసుకున్నాకే.

మన ప్రాంతంలో కాకి (నలుపు), డేగ (ఎరుపు), సేతు (తెలుపు), నెమలి, మైల, పూల అని పిలిచే పేర్లు పందెం భాషలోంచి వచ్చినవే. పందేలు చట్టవిరుద్ధం, రంగుకీ గెలుపుకీ సంబంధమూ లేదు. కానీ ఈక రంగుని ఇంత వివరంగా విడదీసి చెప్పే మాటలు తెలుగులో ఇవే ఉన్నాయి కాబట్టి ఇక్కడా వీటినే వాడుతున్నాం.

సేతులో రెండు తెలుపులు

మొదటిది బహిర్గత తెలుపు. వైట్ లెగ్‌హార్న్‌లో ఉండేది ఇదే. ఒక్క పాలు (తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన ఒక్క వాటా) ఉన్నా చాలు, నలుపుని అణిచేస్తుంది. ఒక్క పాలే ఉన్నప్పుడు మాత్రం తెల్ల ఈకల మధ్య అక్కడక్కడ నల్ల చుక్కలు మిగులుతాయి. ఎరుపు మీద దీని బలం తక్కువ. అందుకే ఎర్ర కోడికి ఇది కలిస్తే నల్ల తోక, నల్ల రొమ్ము తెల్లబడతాయి గానీ వీపు, రెక్కల మీది ఎరుపు మిగిలిపోతుంది.

రెండోది అంతర్గత తెలుపు. ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పాళ్ళూ వస్తేనే కనిపిస్తుంది. ఒక్క పాలే ఉంటే కోడి మామూలు డేగలాగో కాకిలాగో తిరుగుతుంది, తెలుపుని తరాల తరబడి మోస్తుంది. డేగ జోడీకి ఉన్నట్టుండి ఒక తెల్ల పిల్ల పుట్టిందంటే తల్లిదండ్రులిద్దరిలోనూ ఇది దాగి ఉన్నట్టు.

మీ సేతు ఏ రకమో తేల్చడానికి దాన్ని తెల్ల పిల్ల ఎన్నడూ పుట్టని వంశంలోని నల్ల పెట్టలతో జత కట్టండి. ఒక్క పెట్ట చాలదు, రెండు మూడు కావాలి. పిల్లలన్నీ తెల్లగా వచ్చి, ఈకలు తేలాక నల్ల చుక్కలు కనిపిస్తే బహిర్గత తెలుపు, అదీ రెండు పాళ్ళు. సగం తెలుపు, సగం నలుపు వస్తే అదే తెలుపు ఒక్క పాలు. అన్నీ రంగువే వస్తే అంతర్గత తెలుపు. నల్ల పెట్టలోనే అంతర్గత తెలుపు దాగి ఉంటే మూడో సందర్భంలోనూ సగం తెల్లవి పుట్టి లెక్క తారుమారవుతుంది. పెట్ట వంశం సంగతి ముందే అడిగి తెలుసుకోమనడం ఇందుకే. ఆ తెల్ల పిల్లల మీద నల్ల చుక్క ఒక్కటీ లేకపోతే అనుమానం పెట్ట మీదే పెట్టుకోవాలి.

ఇప్పుడు మొదట చెప్పిన పదహారింటికి మూడు లెక్క అర్థమవుతుంది. ఒక తెలుపు పెందుర్తి వైపు ఇంట్లోదీ, ఇంకొకటి అరకు సంతలో కొన్నదీ అనుకోండి. ఒకటి బహిర్గతం (రెండు పాళ్ళూ ఉన్నది), రెండోది అంతర్గతం అయితే మొదటి తరం మొత్తం తెల్లగా ఉంటుంది. రెండో తరంలో ఏ తెలుపూ పని చేయని పిల్లలు పదహారింటికి మూడు వస్తాయి. రెండు రకాల తెలుపునీ ఒకే మందలో ఎప్పుడూ కలపకండి. ఒకసారి కలిసిందంటే వేరు చేయడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది.

డేగ పుంజుని చూసి మోసపోవద్దు

ఎర్ర మెడ, నల్ల రొమ్ము, నల్ల తోక ఉన్న పుంజులు వరసగా నిలబెడితే అన్నీ ఒకటే అనిపిస్తాయి. నలుపు ఒంటి మీద ఎక్కడెక్కడ పరుచుకోవాలో నిర్ణయించే జన్యుస్థానం ఒకటుంది. అందులో అడవికోడి రకం, గోధుమ రకం అని రెండు రూపాలు పుంజులో దాదాపు ఒకేలా కనబడతాయి. తేడా పెట్టలోనూ, పుట్టిన రోజు పిల్ల నూగులోనూ ఉంటుంది. అడవికోడి రకం పెట్టకి వీపు మీద సన్నని నల్ల నలకలతో మట్టి రంగు, రొమ్ము నారింజ కలిసిన గులాబీ ఛాయ. పిల్లకి వీపు మీద ఉడుత చారలు. గోధుమ రకం పెట్ట ఒళ్ళంతా గోధుమ రంగు, రొమ్ము లేత మీగడ రంగు. పిల్ల నూగు చారల్లేకుండా ఎండుగడ్డి రంగులో ఉంటుంది.

అందుకని డేగ పుంజు కొనేటప్పుడు దాని తోడబుట్టిన పెట్టల్ని చూపించమని అడగండి. చూపించలేకపోతే, మీ పెట్టలతో వేసి మొదటి పొదుగులో పిల్లల నూగు రాసుకోండి. అదే పొదుగులో చారల పిల్లలూ చారల్లేని పిల్లలూ రెండూ వస్తే ఆ జోడీ శుద్ధమైనది కాదు.

నూగు ఒక్క రోజు తడి ఆరగానే చూడాలి. వారం దాటితే రెక్క ఈకలు వచ్చి తేడా కలిసిపోతుంది. కాకి వంశం పిల్ల వీపు నల్లగా, పొట్ట, రెక్క కొసలు తెల్లగా పుడుతుంది. దాన్ని చూసి మచ్చల పిల్ల అనుకుని తీసేసేవాళ్ళున్నారు. తొలి ఈకలు రాలి కొత్తవి వచ్చాక నిగనిగలాడే నలుపు తేలుతుంది. పెద్దయ్యాక కూడా మెడలో పసుపో ఎరుపో తీగలు మిగిలాయంటే నలుపు ఒక్క పాలే ఉండే అవకాశం ఎక్కువ. ఈ లోపం పుంజులోనే ముందు బయటపడుతుంది. పెట్ట నల్లగానే ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు.

బూడిద నీలం

మైల కోళ్ళలో ఒకరకం, నల్ల ఈక పలచబడి పలక రంగులోకి తిరిగినది, ఎప్పటికీ శుద్ధంగా నిలవదు. ఇది లోపం కాదు, దాని స్వభావమే అంత. నీలం జన్యువు ఒక్క పాలుంటే నీలం, రెండు పాళ్ళుంటే తెల్లటి ఒంటి మీద నీలి చిలకరింపు, లేకపోతే నలుపు. నీలానికి నీలం వేస్తే నాలుగు పిల్లలకి ఒకటి నలుపు, రెండు నీలం, ఒకటి చిలకరింపు. చిలకరింపు పుంజుకి నల్ల పెట్టల్ని వేస్తే మాత్రం అన్నీ నీలాలే. నీలం పిల్లలే కావాలనుకునేవాళ్ళకి ఇదే దారి. చిలకరింపు పక్షిని పనికిరానిదని అమ్మేయకండి. మందలో అన్నిటికన్నా విలువైనది అదే.

లావెండర్ అని అమ్మే లేత బూడిద రంగు వేరు. అది అంతర్గతం, రెండు పాళ్ళుంటే శుద్ధంగా నిలుస్తుంది, ఈక అంచున ముదురు గీత ఉండదు. దానికే దాన్ని వేసుకుంటూ పోతే తోక ఈకలు చివికిపోతాయి. రెండు మూడు తరాలకోసారి నలుపుతో కలిపి తిరిగి తెచ్చుకోవాలి.

పుంజు దాస్తుంది, పెట్ట దాచలేదు

కోళ్ళలో లింగ నిర్ణయం మనుషులకి తలకిందులు. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన జెడ్‌ని కొడుకులకే ఇస్తుంది. కూతుళ్ళకి జెడ్ తండ్రి నుంచి వస్తుంది. జెడ్ మీద ఉండే రంగు జన్యువుల్లో మనకి పనికొచ్చేవి రెండు: వెండి-బంగారం (ఎరుపు ఉండాల్సిన చోట తెల్లబడితే వెండి, ఎరుపు నిలిస్తే బంగారం), గళ్ళు (ఈక మీద అడ్డంగా తెల్ల పట్టీలు).

బంగారు పుంజుకి (రోడ్ ఐలాండ్ రెడ్ లాంటిది) వెండి పెట్టను వేస్తే మగపిల్లల నూగు లేత పసుపు, ఆడపిల్లల నూగు ఎర్ర గోధుమ రంగు. పుట్టిన రోజే విడదీయొచ్చు. అదే తిరగేసి శుద్ధమైన వెండి పుంజుకి బంగారు పెట్టను వేస్తే అన్నీ వెండివే వస్తాయి, విడదీయలేం. గళ్ళ పెట్టకి గళ్ళు లేని నల్ల లేదా ఎర్ర పుంజుని వేస్తే మగపిల్లల తల వెనక తెల్ల మచ్చ ఉంటుంది, ఆడపిల్లలకి ఉండదు.

తెల్లది కాని, ఒంటి మీద గళ్ళు లేని పెట్ట గళ్ళని దాచిపెట్టి మోయలేదు, దానికి ఒక్క జెడ్డే. బంగారు పెట్టలో వెండి దాగదు, వెండి పెట్టలో బంగారమూ దాగదు. వెండి పుంజులో మాత్రం బంగారం ఒక పాలు దాగి ఉండొచ్చు. ఈ రంగులు శుద్ధి చేయాలనుకునేవాళ్ళు అనుమానం ముందు పుంజు మీద పెట్టుకోవాలి.

ఎన్ని పిల్లలు చూస్తే నమ్మొచ్చు

అంతర్గత రంగు దాగి ఉందో లేదో తేల్చడానికి, ఆ రంగు పైకి కనిపించే పక్షితో జత కట్టడం మంచిది. దాగి ఉంటే ప్రతి పిల్లకీ సగం అవకాశం. ఐదు పిల్లల్లో ఒక్కటీ రాకపోతే పొరపాటు పడే అవకాశం 32కి 1. ఏడు పిల్లలైతే 128కి 1. అలాంటి పక్షి దొరక్క, రంగు మోస్తుందని తెలిసిన పక్షితో చూస్తే ప్రతి పిల్లకీ నాలుగో వంతే. అప్పుడు 11 పిల్లలు చూసినా వందకి నాలుగు పాళ్ళు పొరపాటు మిగులుతుంది. 16 చూడాలి. మూడు పిల్లల్ని చూసి పుంజు శుద్ధమైనదని చెప్పి అమ్మడం మాత్రం కొన్నవాళ్ళని మోసం చేయడమే.

గూడు, గుర్తు, గుడ్డు

ఒక పుంజుకి మూడు నాలుగు పెట్టలు, ఆరడుగులకి ఐదడుగుల గది. పుంజుని మార్చాక మూడు వారాల పాటు వచ్చే గుడ్లు రంగు లెక్కకి పనికిరావు. పెట్ట లోపల పాత పుంజు వీర్యం రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది. అనుకోని రంగులన్నిటికీ మొదటి కారణం ఇది, రెండోది పొరుగింటి పుంజు. ఈ రెండూ తోసిపుచ్చాకే జన్యువుల దగ్గరికి రావాలి.

గుడ్డు మీద గూటి నంబరు, తేదీ పెన్సిల్‌తో రాయండి. మార్కర్ సిరా పెంకు రంధ్రాల్లోంచి లోపలికి దిగుతుంది. పిల్ల రెండు కాళ్ళ వేళ్ళ మధ్య కలిపి నాలుగు పొరలుంటాయి, ఒక్కో పొరకి రంధ్రం ఉండటం, లేకపోవడం కలిపితే 16 గుర్తులు. పుట్టిన రోజే సన్నని పంచ్‌తో గుచ్చి, వారానికి మళ్ళీ చూడండి, పూడుకుపోతే తిరిగి గుచ్చాలి. కాలి రింగులు పిల్ల పెరిగే కొద్దీ మార్చకపోతే కాలిని కోసేస్తాయి.

విశాఖలో అసలు చిక్కు గుడ్డు నిలవ దగ్గరే. 21 డిగ్రీలు దాటిన గదిలో లోపలి పిండం నెమ్మదిగా పెరగడం మొదలెడుతుంది. మార్చి నుంచి ఇక్కడి గదుల్లో 30 డిగ్రీలు మామూలే. అలా సగం పెరిగి సగం ఆగిన గుడ్లు పొదుగు మొదట్లోనే చస్తాయి, మనం పుంజుని నిందిస్తాం. ఏసీ గదిలో 18 డిగ్రీల దగ్గర ఉంచగలిగితే ఏడు రోజులు ఆగొచ్చు. లేదంటే మట్టి కుండలో తడి ఇసుక పోసి, పైన గుడ్డ పరిచి నీడలో ఉంచి, మూడు నాలుగు రోజుల్లోపే పొదిగించండి. ఇంటి ఫ్రిజ్ చలి పిండానికి మరీ ఎక్కువ.

ఇంక్యుబేటర్‌లో ఫ్యాన్ ఉంటే 37.5 డిగ్రీలు. తేమ 18వ రోజు దాకా 50 నుంచి 55 శాతం, ఆ తర్వాత 65 నుంచి 70. సముద్రం పక్కన గదిలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి కంపెనీ పుస్తకంలో చెప్పినన్ని నీళ్ళు పోస్తే గుడ్డు ఆరక, పిల్ల లోపలే మునిగిపోతుంది. గుడ్డు బరువే సరైన కొలత: 45 గ్రాముల గుడ్లు పది తూచితే 450 గ్రాములు, 18వ రోజుకి 396 దగ్గరికి రావాలి. 410 ఉంటే నీళ్ళు తగ్గించండి, 385 అయితే పెంచండి. 18వ రోజున గుడ్లు తిప్పడం ఆపి, ఒక్కో గూటివి వేర్వేరు జాలీ పెట్టెల్లో పెట్టండి. అక్కడ పిల్లలు కలిసిపోయాయంటే ఏడాది లెక్క పోయినట్టే.

పొదుగు డిసెంబరు, జనవరిలో పెట్టుకోవడం మేలు. ఎండలు ముదిరేసరికి పిల్లలకి ఈకలు వస్తాయి, పైగా అక్టోబరు, నవంబరు తుపాన్లు తప్పుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇన్వర్టర్ కూడా చేతులెత్తేస్తుంది. తుపాను హెచ్చరిక ఉంటే విలువైన గుడ్లు పొదుగుడు పెట్ట కిందికి మార్చడమే దారి, ఒక పెట్టకి పది పన్నెండుకి మించకుండా.

దగ్గరి చుట్టరికం

రంగు తొందరగా నిలబెట్టాలని అన్నాచెల్లెళ్ళని, తండ్రీకూతుళ్ళని కలపడం అందరికీ తోస్తుంది. ఆ రెండు జోడీల్లోనూ పిల్ల అంతఃప్రజననం 25 శాతం. అంతర్గత రంగు త్వరగా బయటపడుతుంది, నిజమే. గుడ్డు తగ్గడం, పొదుగు చెడటం కూడా దానితోనే వస్తాయి. మూడు గూళ్ళు పెట్టుకుని, పెట్టపిల్లల్ని పుట్టిన గూట్లోనే ఉంచి, పుంజుల్ని మాత్రం ఒకటో గూటి నుంచి రెండుకీ, రెండు నుంచి మూడుకీ, మూడు నుంచి ఒకటికీ మార్చండి. చాలా ఏళ్ళు బయటి పక్షి అవసరం రాదు. వనరాజా, గ్రామప్రియ లాంటి సంకర కోళ్ళని మాత్రం రంగు మందలోకి తేవద్దు. అవి గుడ్డుకీ మాంసానికీ చేసినవి, వాటి పిల్లల్లో రంగులు చెల్లాచెదురవుతాయి.

ఎప్పుడు ఏరాలి

పిల్లకి ఈక రెండు మూడు సార్లు రాలి మారుతుంది. రెండు నెలలకే ఏరేస్తే మంచివి పోతాయి. ముఖ్యంగా కొసల్లో తెల్ల చుక్కలుండే మచ్చల రకం నిజరంగు ఆరు నెలలు దాటాకే తేలుతుంది. నూగు చూసి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి, ఏడో నెలలో చివరిసారి, మూడుసార్లూ అదే పుస్తకంలో రాయాలి, పగటి వెలుగులో ఒకే చోట ఫోటో తీయాలి. పొడుచుకున్న చోట, గాయమైన చోట తెల్ల ఈక మొలిస్తే అది పిల్లలకి రాదు. అలాంటి పక్షిని తీసేసేముందు రెండో వైపు రెక్క కూడా చూడండి. రెండు వైపులా ఒకే చోట తెలుపు ఉంటే అది రక్తంలోది అయ్యే అవకాశం ఎక్కువ.