టెన్షన్ రోజులు మొదలయ్యేలోపే బీపీ ఉన్నవాళ్ళు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పరీక్షలు, ఇంట్లో పెళ్ళి, ఏడాది చివరి లెక్కలు, ఇల్లు మారడం, ఇంట్లో ఒకరికి ఆపరేషన్. ఇలాంటివి ఎప్పుడు మీద పడతాయో చాలావరకు ముందే తెలిసిపోతుంది. బీపీ ఉండి, దానికి తోడు ఊరికే గాభరా పడే స్వభావం కూడా ఉన్నవాళ్ళకు ఆ కొన్ని వారాలు నిజంగానే గడ్డు రోజులు. నిద్ర తగ్గుతుంది, నడక ఆగిపోతుంది, కాఫీలు, ప్యాకెట్ తిళ్ళు పెరుగుతాయి, మాత్ర వేసుకున్నామో లేదో గుర్తుండదు. పని ఒత్తిడి బీపీని కొంత పెంచితే, ఆ పని పేరు చెప్పి మనం వదిలేసే అలవాట్లు మిగతాది పెంచుతాయి. ఒత్తిడి మొదలయ్యాక కొత్త అలవాటు చేసుకోవడం ఎవరివల్లా అయ్యే పని కాదు. కనీసం నెల ముందు మొదలుపెట్టాలి.

కంగారు పడ్డప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే కొంత భయం తగ్గుతుంది. మెదడు ప్రమాదమని అనుకోగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ లేస్తుంది. కంగారు తగ్గాక దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ ఇది జరుగుతుంది. కాసేపు పెరిగిన ఆ అంకె ఒక్కటే చూసి బీపీ జబ్బు ఉందని చెప్పలేం. కానీ రోజూ అదే పరిస్థితి ఉండి, దాంతో నిద్ర, తిండి చెడిపోయి, సిగరెట్లు, మద్యం పెరిగితే బీపీ ఎప్పుడూ ఎక్కువగానే ఉండే స్థితి రావచ్చు. ఇంకోవైపు, బీపీ ఎక్కువ చూపించిందన్న భయం మళ్ళీ కంగారుని పెంచుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తుంటాయి కాబట్టి ఒకదానికి మందు వాడుతూ రెండోదాన్ని గాలికి వదిలేస్తే లాభం లేదు.

ఇంకో మాట. చాలామందిలో ఎక్కువ బీపీకి ఏ లక్షణమూ ఉండదు. తల బరువుగా ఉంది కాబట్టి బీపీ పెరిగిందని, హాయిగా ఉంది కాబట్టి మాత్ర అక్కర్లేదని తేల్చేసుకోవడం రెండూ తప్పే. గాభరాతో చెమటలు పట్టినప్పుడు బీపీ మామూలుగా ఉండొచ్చు. ఏమీ తెలియకుండా తిరిగేస్తున్న మనిషికి 170 ఉండొచ్చు.

ముందు డాక్టరు దగ్గరకు

ఒత్తిడి నెలలోకి అడుగుపెట్టకముందే ఒకసారి డాక్టర్ని కలవండి. మీకు బీపీ ఎంతలోపు ఉండాలో అడిగి రాసుకోండి. వయసు, షుగర్, కిడ్నీల పరిస్థితిని బట్టి అది మారుతుంది. ఆసుపత్రిలో కొలిస్తే 140/90 దాటడాన్ని ఎక్కువ బీపీగా చాలా దేశాల్లో లెక్కేస్తారు. అమెరికా గుండె వైద్య సంఘాలు 2017లో ఆ హద్దును 130/80కి దించాయి. ఇంట్లో కొలిచినప్పుడు సగటు 135/85 దాటితే అది ఆసుపత్రిలో 140/90 దాటినట్టే.

గాభరా సంగతి కూడా దాచకుండా చెప్పండి. బీపీ గురించి చెప్పినంత తేలిగ్గా దీని గురించి చెప్పరు, అదే బాధ. ఆందోళనకు వాడే కొన్ని మందులు, ఉదాహరణకు వెన్లాఫాక్సిన్, కొందరిలో బీపీ పెంచుతాయి. కాబట్టి రెండు రకాల మందులూ ఒకే డాక్టరుకు తెలియాలి. ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే సీబీటీ కౌన్సెలింగ్ ఆందోళనకు బాగా పనిచేస్తుంది. అయితే దానికి వారాలు పడుతుంది కాబట్టి అదీ ముందే మొదలుపెట్టాలి.

మాత్రలు ఆ నెల మొత్తానికి సరిపడా తెచ్చిపెట్టుకోండి. అలవాట్లు మార్చుకుంటున్నాం కదా అని సొంతంగా మానకండి. ముఖ్యంగా క్లోనిడిన్‌ని గానీ, గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్లను గానీ ఉన్నట్టుండి ఆపితే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఒక పూట మర్చిపోతే ఏం చేయాలో కూడా ముందే అడిగి ఉంచుకోండి. తర్వాతి పూట రెండు కలిపి వేసుకోవడం మాత్రం వద్దు.

కొలవడంలోనే సగం గొడవ

ఫోనులో ఎవరితోనో గట్టిగా వాదించి, విసుగ్గా మంచం అంచున కూర్చుని, కాలు మీద కాలేసుకుని, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి మీట నొక్కారనుకోండి. మిషన్ 164 చూపించింది. గుండె ఝల్లుమంది. వెంటనే మళ్ళీ నొక్కితే 171. మూడోసారి ఇంకాస్త పైకి. ఆ మనిషి అసలు బీపీ ఎంతో ఆ మూడు అంకెల్లో ఏదీ చెప్పదు. భయపెట్టడం మాత్రం మూడూ బాగా భయపెడతాయి.

సరిగ్గా కొలవాలంటే ముందు అరగంటలో కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్ళి రావాలి, నిండిన మూత్రాశయం కూడా అంకెను పెంచుతుంది. వీపు ఆనించుకుని, పాదాలు రెండూ నేలకు ఆన్చి, 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఫోను కూడా పక్కన పెట్టాలి. పట్టీ చర్మం మీదే ఉండాలి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి సైజు చూసి కొనాలి. మణికట్టుకి పెట్టే మిషన్ల కన్నా పైచేతికి చుట్టేవి నమ్మకమైనవి.

వారం రోజులు ఉదయం మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో నిమిషం ఆగి కొలిచి రాయండి. మొదటి రోజు అంకెలు తీసేసి మిగతావాటి సగటు చూడండి. మీ బీపీ ఎంతో చెప్పేది ఆ సగటే. ఒత్తిడి మొదలయ్యాక డాక్టరు చెప్పినన్నిసార్లే కొలవండి. గాభరా మనుషులు రోజుకు పదిసార్లు కొలుచుకోవడం నాకు చాలా ఆందోళన కలిగించే విషయం. ఆ అలవాటు వల్ల తెలిసేది ఏమీ ఉండదు, కంగారు మాత్రం పెరుగుతుంది. అలాంటివాళ్ళు మిషన్ని ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచి, అనుకున్న వేళకే అడిగి తీసుకోవడం మంచిది.

తిండి, ఉప్పు

1997లో అమెరికాలో డాష్ అనే తిండి పద్ధతి మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువున్న పాల పదార్థాలు ఎక్కువగా తిన్న బీపీ మనుషుల్లో పై అంకె సగటున 11 దాకా తగ్గింది. రెండు వారాల్లోనే ఆ తగ్గుదల కనిపించింది. నెల ముందు మొదలుపెట్టమనడానికి ఇదీ ఒక కారణం. గడ్డు రోజులు వచ్చేసరికి ఫలితం చేతిలో ఉంటుంది.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే అన్ని పూటలకూ కలిపి దాదాపు ఒక టీస్పూను. కూరలో తగ్గించి చిప్స్, ఇన్‌స్టంట్ నూడుల్స్, సాసులు, ప్యాకెట్ సూపులు తింటే తగ్గించినదంతా తిరిగొచ్చేస్తుంది. పని హడావిడిలో చేతికందేవి అవే కాబట్టి వాటి బదులు పండ్లు, ఉప్పు లేని గింజలు కొని దగ్గర పెట్టుకోండి. చప్పటి రుచికి నాలుక అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలోనే విసిగిపోకండి.

సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. చాలామందికి అది మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా వాడకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

కాఫీ పూర్తిగా మానక్కర్లేదు. కానీ అది గుండెదడను, చేతుల వణుకును పెంచుతుంది. గాభరా మనిషి ఆ దడను చూసి ఇంకేదో అయిపోతోందని భయపడతాడు. రోజుకు ఆరు కప్పులు తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది, అందుకే ముందు వారాల్లోనే ఒక్కో కప్పూ తగ్గించుకుంటూ రావాలి. మధ్యాహ్నం దాటాక వద్దు. ఎనర్జీ డ్రింకుల జోలికి అసలే పోవద్దు. టెన్షన్ తగ్గుతుందని తాగే మద్యం ఆ పూటకి మత్తునిచ్చి, నిద్రను ముక్కలు చేసి, మర్నాడు ఆందోళననూ బీపీనీ పెంచుతుంది. ఏళ్ళుగా రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు మాత్రం ఉన్నట్టుండి మానేయకుండా వైద్య సహాయంతో మానాలి. సిగరెట్ కాల్చిన ప్రతిసారీ బీపీ పెరుగుతుంది, అది టెన్షన్‌కి మందు కాదు.

నడక, నిద్ర

వారానికి 150 నిమిషాల నడక, లేదా అంతే శ్రమ ఉన్న ఏదైనా. మాట్లాడగలిగి, పాడలేనంత వేగం చాలు. ఒకసారి నడిస్తే కొన్ని గంటలపాటు బీపీ కాస్త తగ్గి ఉంటుంది, కాబట్టి కష్టమైన పని ఉన్న రోజునే నడక ఎక్కువ అవసరం. అరగంట దొరక్కపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి. బరువులు ఎత్తేవాళ్ళు ఊపిరి బిగపట్టకూడదు, అలా చేస్తే బీపీ ఒక్కసారిగా చాలా పైకి పోతుంది. ఇంట్లో సామాన్లు జరిపేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఎప్పటినుంచో కదలకుండా ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుకు చెప్పి నెమ్మదిగా మొదలుపెట్టాలి.

మామూలుగా నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. రోజంతా కష్టపడ్డ గుండెకూ రక్తనాళాలకూ దొరికే విశ్రాంతి అదే. ఏడు గంటలు తగ్గకుండా చూసుకోండి. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాళ్ళకు స్లీప్ ఆప్నియా ఉండొచ్చు. ఎన్ని మందులు వేసినా బీపీ దిగకపోవడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం. ఈ మాట పక్కన పడుకునేవాళ్ళే చెప్పగలరు, మొహమాటపడకుండా చెప్పండి.

గాభరా వచ్చిన నిమిషంలో

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, రేపటి పని గుర్తొచ్చి, గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుందనుకోండి. ఆ వేళ ఫోను తీసి వెతకడం, మిషన్ కోసం లేవడం వద్దు. లేచి దిండుకు ఆనుకుని కూర్చోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. మొదటి నిమిషంలో తేడా తెలియదు. 5 నుంచి 10 నిమిషాలు సాగించాలి. తల తిరిగితే మరీ లోతుగా పీలుస్తున్నారని అర్థం, తేలిగ్గా పీల్చండి. ఇది ఇప్పటినుంచే రోజూ అభ్యాసం చేయకపోతే ఆ రాత్రి గుర్తుకే రాదు.

ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన గాభరా, అంటే పానిక్ అటాక్, సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరి తర్వాత తగ్గుతుంది. అయితే మొదటిసారి వచ్చిన ఛాతీ నొప్పిని గాభరా అని మీరే నిర్ణయించుకోకండి. అది డాక్టరు తేల్చాల్సిన విషయం.

తెలియకుండా బీపీ పెంచేవి

ఒళ్ళునొప్పులకు వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్, ఫినైల్‌ఎఫ్రిన్ ఉన్న జలుబు మాత్రలు, నీళ్ళలో వేస్తే పొంగే మాత్రల్లోని సోడియం, అతిమధురం, స్టెరాయిడ్లు, ఇవన్నీ బీపీని పెంచగలవు. అలసిపోయిన రోజుల్లోనే ఇవి ఎక్కువగా వాడతాం. మీకు సరిపడే నొప్పి మాత్ర ఏదో ముందే అడిగి పెట్టుకోండి. ఇంకొకరి టెన్షన్ మాత్ర అడిగి వేసుకోవద్దు. ప్రొప్రనోలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రమాదం. నిద్రకని వాడే ఆల్ప్రజోలామ్ లాంటివి అలవాటుగా మారతాయి.

వెంటనే కదలాల్సినప్పుడు

180/120 దాటి కనిపిస్తే 5 నిమిషాలు కదలకుండా కూర్చుని మళ్ళీ కొలవండి. అప్పటికీ అలాగే ఉండి, ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, చేయో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఉంటే అంబులెన్స్ పిలవాలి. ఈ లక్షణాలున్నప్పుడు బీపీ అంకె ఎంతైనా సరే, ఆగకూడదు. మీరే బండి నడుపుకుంటూ పోవద్దు. గర్భిణులకు ఈ హద్దులు వర్తించవు. వాళ్ళకు 140/90 వచ్చినా అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

అదనంగా ఇంకో బీపీ మాత్ర వేసేయడం, నిఫెడిపిన్ గొట్టం చిదిమి నాలుక కింద పోయడం లాంటివి చేయకండి. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకీ గుండెకీ రక్తం అందక పక్షవాతమో గుండెపోటో వచ్చే ప్రమాదం ఉంది.

మీరు వాడే మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, డాక్టరు నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించండి. ఆ రోజుల్లో మీతో ఉండే ఒకరికి పైన చెప్పిన ప్రమాద లక్షణాలన్నీ ఒకసారి చదివి వినిపించండి. మాట తడబడే వేళ మనంతట మనం ఫోను చేసుకోలేం.