డిమాండ్ ఉన్న కారు కొంటున్నారా? ఆన్‌రోడ్ ధరలో షోరూమ్ కలిపిన ఎక్స్‌ట్రాలు తీయించడం ఎలా

అమెరికాలో కొత్త కారు అద్దం మీద కంపెనీ ధర రాసిన స్టిక్కర్ ఉండి తీరాలి. 1958లో వచ్చిన చట్టం అది. అయినా కార్వెట్, సివిక్ టైప్ ఆర్ లాంటి బండ్లకు గిరాకీ ముదిరితే అక్కడి డీలర్లు ‘మార్కెట్ అడ్జస్ట్‌మెంట్’ పేరుతో ఇంకో కాగితం అంటించి వేల డాలర్లు బాహాటంగానే కలుపుతారు. మన దగ్గర ఆ మాట ఏ కొటేషన్‌లోనూ కనపడదు. తిరుపతి రేణిగుంట రోడ్డులో అడిగినా, చిత్తూరులో అడిగినా ఎక్స్‌షోరూమ్ ధర (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని బండి ధర) కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్నదే చూపిస్తారు. అదనమంతా దాని కింది వరసల్లో ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కాబట్టి మొత్తం మీద బేరమాడి లాభం లేదు. ఒక్కో వరసను పట్టుకుని, దానికి రశీదు ఎక్కడని అడగాలి.

డీలర్‌కు కారు మీద మిగిలేది సాధారణంగా పది శాతం లోపే. అసలు రాబడి ఇన్సూరెన్స్ కమిషన్, యాక్సెసరీలు, లోన్ మీద బ్యాంకు ఇచ్చే పేఔట్ (కమిషన్) నుంచి వస్తుంది. కొనేవాళ్లు క్యూ కట్టే మోడల్ అయితే ఈ మూడింటినీ ‘కంపల్సరీ’ చేసేస్తారు. మహీంద్రా థార్ రాక్స్‌కు 2024 అక్టోబర్ 3న బుకింగ్ తెరిచిన మొదటి గంటలోనే 1,76,218 బుకింగులు పడ్డాయి. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 2025లో 100 బండ్లే వచ్చాయి. ఇలాంటి చోటే “కిట్ (యాక్సెసరీల ప్యాకేజీ) తీసుకుంటేనే బండి” అనే మాట పుడుతుంది.

1. కొటేషన్‌ను రాతలో తెప్పించుకోండి

“ఆన్‌రోడ్ ఇంత అవుతుంది సార్” అని ఫోన్‌లో చెప్పే అంకెను లెక్కలోకి తీసుకోకండి. వాట్సాప్‌లోనో, ఈమెయిల్‌లోనో ఇలా అడగండి (ప్రొఫార్మా ఇన్వాయిస్ అంటే అమ్మకానికి ముందు ఇచ్చే అంచనా బిల్లు):

“నేను చెప్పిన వేరియంట్‌కు ప్రొఫార్మా ఇన్వాయిస్ పంపండి. ఎక్స్‌షోరూమ్, టీసీఎస్, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, వారంటీ, ఇతర చార్జీలు వేర్వేరుగా చూపండి. వీటిలో ఏది తప్పనిసరి, ఏది నా ఇష్టమో పక్కన రాయండి.”

చివరి వాక్యం వదిలేయకండి. యాక్సెసరీ కిట్ పక్కన ‘తప్పనిసరి’ అని రాసిచ్చే షోరూమ్ అరుదు. నోటితో చెప్పినంత తేలిక కాదు ఆ మాటను కాగితం మీద పెట్టడం. రాయకపోతే ఆ వరస అక్కడికక్కడే తీయించవచ్చు. రాసిస్తే అది మీ చేతిలో సాక్ష్యం.

2. ప్రభుత్వానికి కట్టే వరసలను పక్కన పెట్టండి

వీటి మీద బేరం ఉండదు కానీ అంకెలు సరిచూసుకోవాలి. కారు ధర రూ.10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) పడుతుంది. ఇది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద పన్ను ఖాతాలో కనిపిస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుకోవచ్చు లేదా వాపసు తీసుకోవచ్చు. లైఫ్ ట్యాక్స్ బండి ధరను బట్టి శ్లాబుల్లో ఉంటుంది, దానికి రవాణా శాఖ రశీదు వస్తుంది. సొంత వాడకం కారుకు కేంద్ర నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఫీజు రూ.600, కార్డుకు రూ.200, లోన్ ఉంటే హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న) నమోదుకు రూ.1,500. విదేశంలో తయారై దిగుమతి అయిన కారుకు రిజిస్ట్రేషన్ ఫీజు రూ.5,000.

లైఫ్ ట్యాక్స్‌నూ ఈ చిన్న ఫీజులనూ కలిపి ‘ఆర్టీఓ చార్జీలు’ అని ఒకే వరసలో చూపించడం మామూలు. ఆ వరసలోనే ‘ఏజెంట్’, ‘ఇన్సిడెంటల్’ పేర్లతో మూడు నాలుగు వేలు కలుస్తాయి. రశీదు ఉన్నంతవరకే ఇస్తామని ముందే చెప్పండి.

3. మిగిలినదాన్ని కూడండి

లెక్క అర్థం కావడానికి రూ.18 లక్షల ఎక్స్‌షోరూమ్ ఉన్న టర్బో పెట్రోల్ ఎస్‌యూవీ అనుకుందాం. కొటేషన్‌లో యాక్సెసరీ ప్యాకేజీ 65,000, పెయింట్ కోటింగ్ 18,000, ఎక్స్‌టెండెడ్ వారంటీ 32,000, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ 4,500, హ్యాండ్లింగ్ 9,500. ఇవి కలిపితే రూ.1,29,000. ఇన్సూరెన్స్‌ను షోరూమ్ రూ.84,000 రాసింది, అదే కవర్ బయట రూ.60,000కు దొరికింది. ఆ తేడా 24,000. మొత్తం రూ.1,53,000, అంటే బండి ధర మీద ఎనిమిదిన్నర శాతం. అమెరికా డీలర్ ఒకే కాగితం మీద అడిగేది ఇక్కడ ఆరు వరసల్లో వసూలవుతోంది.

4. ఇన్సూరెన్స్: ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే

పాలసీ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ మాత్రం తప్పదు. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రీమియాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి ఏ కంపెనీలో అయినా ఒకటే. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు రూ.6,521, 1000 నుంచి 1500 సీసీ మధ్య రూ.10,640, ఆపైన రూ.24,596. దీని మీద 18 శాతం జీఎస్టీ. తేడాలన్నీ ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగే నష్టం) భాగంలోనూ, యాడ్‌ఆన్లలోనూ (అదనపు కవర్లు) వస్తాయి.

పోల్చేటప్పుడు రెండు పాలసీలూ ఒకటే తూకంలో ఉండాలి. ముందు ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) చూడండి. కొత్త బండికి అది ఎక్స్‌షోరూమ్‌లో 95 శాతం దాకా ఉంటుంది. 18 లక్షల బండికి 17,10,000. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపించే ఆన్‌లైన్ కొటేషన్లకు మోసపోకండి. జీరో డెప్ (తరుగు కోయకుండా చెల్లింపు), ఇంజిన్ ప్రొటెక్ట్, రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే ఇన్వాయిస్ ధర), కన్జ్యూమబుల్స్ (ఆయిల్, నట్లు లాంటివి) అనే యాడ్‌ఆన్లు రెండింటిలోనూ ఉన్నాయో లేవో టిక్ పెట్టుకోండి. ఓనర్ డ్రైవర్‌కు రూ.15 లక్షల ప్రమాద బీమా మీకు ఇప్పటికే వేరే పాలసీలో ఉంటే ఇక్కడ మళ్లీ కట్టనక్కరలేదు.

“బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు సార్” అంటారు. క్యాష్‌లెస్ (రిపేరు బిల్లును బీమా కంపెనీయే నేరుగా కట్టడం) ఆధారపడేది బీమా కంపెనీకీ ఆ వర్క్‌షాప్‌కూ ఉన్న ఒప్పందం మీద. బీమా కంపెనీ వెబ్‌సైట్‌లోని గ్యారేజీల జాబితాలో మీ షోరూమ్ సర్వీస్ సెంటర్ పేరు ఉంటే చాలు. లేకపోతే మాత్రం ఆ కంపెనీ వద్దు, ఎంత చవకైనా సరే.

చాలామంది తప్పటడుగు వేసేది సమయం దగ్గర. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు లేకుండా పాలసీ రాదు, పాలసీ లేకుండా టెంపరరీ రిజిస్ట్రేషన్ జరగదు. షోరూమ్ నంబర్లను డెలివరీ ముందురోజు సాయంత్రం దాకా ఇవ్వకుండా ఆపి, ఇక టైమ్ లేదని తమ పాలసీయే రాసేస్తుంది. కాబట్టి “అలాట్‌మెంట్ రోజే నంబర్లు ఇస్తారు, ఇన్సూరెన్స్ నేనే తెచ్చుకుంటాను” అని బుకింగ్ ఫారం మీదే రాయించుకోండి. మీరు తెచ్చే పాలసీలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, వేరియంట్ సరిగ్గా పడాలి, లోన్ ఉంటే బ్యాంకు పేరు ఎక్కాలి. వీటిలో ఏది తేడా వచ్చినా రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతుంది.

5. యాక్సెసరీలు, కోటింగ్, వారంటీ

కంపెనీ యాక్సెసరీల ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ ఉంటుంది. ప్యాకేజీ బదులు వస్తువుల జాబితా అడిగి, ఒక్కోదాని పార్ట్ నంబర్‌ను కంపెనీ సైట్‌లో చూసుకోండి. మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, బాడీ కవర్ లాంటివి నిజంగా కావాలంటే విడిగా కొనుక్కోండి. వైరు కోసి బిగించే లైట్లు, హారన్లు, ఆంప్లిఫయర్లు బయట వేయించకండి. రేపు ఎలక్ట్రికల్ సమస్య వస్తే వారంటీ తోసిపుచ్చడానికి అదే సాకవుతుంది.

బేరం పూర్తిగా తెగకపోతే ఒక మధ్యేమార్గం ఉంది. 65,000 కిట్‌ను మీరు ఎంచుకున్న 15 వేల వస్తువులకు దించమనండి. కౌంటర్ వెనకున్నవాళ్లకు కూడా పైవాళ్లకు చూపించుకోవడానికి ఏదో ఒక అంకె కావాలి. ఇది చాలాసార్లు పనిచేస్తుంది.

కోటింగ్ తీయించేయండి. కావాలంటే తర్వాత నింపాదిగా బయట చేయించుకోవచ్చు. ఎక్స్‌టెండెడ్ వారంటీ విషయంలో మాత్రం మొండికేయకండి. టర్బో ఇంజిన్‌తో డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉన్న బండికి అది ఉండాల్సిందే, గేర్‌బాక్స్ రిపేరు ఒక్కటి వస్తే వారంటీకి పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు పోతుంది. అయితే అది కార్ల కంపెనీదే అయి ఉండాలి, డీలర్ సొంత పథకం కాకూడదు. చాలా కంపెనీలు మొదటి వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా తీసుకోనిస్తాయి, ఆలస్యమయ్యేకొద్దీ ధర పెరుగుతుంది.

హ్యాండ్లింగ్ చార్జీకి అర్థమే లేదు. స్టాక్‌యార్డ్ నుంచి బండి తేవడం, కడగడం, డెలివరీకి ముందు చెక్ చేయడం అమ్మేవాడి పని. మొహమాటం లేకుండా కొట్టేయమనండి.

6. లోన్

షోరూమ్ బ్యాంకుకూ మీ జీతం పడే బ్యాంకుకూ అర శాతమే తేడా అని తేలిగ్గా తీసుకుంటారు. రూ.14 లక్షలకు అయిదేళ్లు తీసుకుంటే 9 శాతానికి ఈఎంఐ దాదాపు రూ.29,062, 9.5 శాతానికి రూ.29,403. మొత్తం మీద రూ.20,450 దాకా ఎక్కువ. ఇంకో సంగతి: ఎక్స్‌ట్రాలతో ఉబ్బించిన ప్రొఫార్మా మీద లోన్ పెట్టించుకుంటే ఆ మ్యాట్లకూ కోటింగ్‌కూ అయిదేళ్లు వడ్డీ కడతారు.

7. ఇంకో ఊరి కొటేషన్, ముహూర్తం గుట్టు

తిరుపతి నుంచి చెన్నై మూడు గంటల దారి. చిత్తూరు నుంచి వేలూరు ఇంకా దగ్గర. అక్కడి డీలర్ల దగ్గరా, నెల్లూరు, కడపల్లోనూ ఇదే వేరియంట్‌కు కొటేషన్ తెప్పించండి. వేరే రాష్ట్రంలో కొంటే టెంపరరీ రిజిస్ట్రేషన్‌తో తెచ్చి లైఫ్ ట్యాక్స్ ఇక్కడ కట్టాలి. కొన్ని కంపెనీలు బయటి అడ్రస్‌కు అమ్మనివ్వవు. అక్కడే కొనకపోయినా పర్వాలేదు, ‘కిట్ లేకుండా ఇస్తాం’ అన్న కాగితం ఒకటి చేతిలో ఉంటే ఇక్కడి సేల్స్ మేనేజర్ మాట తీరు మారుతుంది.

“విజయదశమికి బండి వచ్చేయాలన్నా, కాణిపాకంలో పూజ పెట్టుకున్నాం” అని మొదటిరోజే చెప్పేస్తే బేరం ముగిసినట్టే. ఆ తేదీ దాటి మీరు ఆగలేరని వాళ్లకు తెలిసిపోతుంది. ధర రాతలో ఖాయమయ్యాకే ముహూర్తం చెప్పండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం లాంటి శూన్యమాసాల్లో షోరూములు ఖాళీగా ఉంటాయి. అప్పుడు బుక్ చేసి ఇన్వాయిస్ వేయించుకుని, బండిని మంచిరోజున ఇంటికి తెచ్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. గిరాకీ బండికి ఆ నెలల్లో డిస్కౌంట్ రాకపోయినా కిట్ పట్టు సడలుతుంది.

8. బుకింగ్, ఇన్వాయిస్

వీలైతే కంపెనీ వెబ్‌సైట్‌లోనే బుక్ చేయండి. డీలర్ దగ్గర చేస్తే కంపెనీ సిస్టమ్‌లో పడిన ఆర్డర్ నంబర్ అడిగి తీసుకోండి. డీలర్ రశీదు నంబర్ వేరు, ఆర్డర్ నంబర్ వేరు. రెండోది లేకపోతే మీ క్యూ ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు, కిట్ ఒప్పుకున్న ఇంకొకరు ముందుకు వెళ్లిపోతారు. రద్దు చేస్తే ఎంత వాపసు వస్తుందో ఫారంలో చదవండి. డెలివరీ నాటి ధరే వర్తిస్తుందన్న షరతు దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, కంపెనీ ధర పెంచితే అది భరించాల్సిందే.

బండిని కళ్లారా చూశాకే ఇన్వాయిస్ వేయమనండి. ఛాసిస్ నంబర్ కాగితంతో సరిపోవాలి. తయారైన నెల, సంవత్సరం డీలర్ ఇచ్చే అమ్మకం ధ్రువపత్రం, అంటే ఫారం 21లో ఉంటాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3425 అంటే 2025లో 34వ వారం. టైరు తేదీ బండి తయారీ తేదీ కంటే తర్వాతిదైతే టైరు మార్చారని అర్థం.

“లక్ష చేతికిస్తే వచ్చే వారమే బండి” అని బిల్లు లేకుండా అడిగితే ఒప్పుకోకండి. ఆ లక్ష ఇన్వాయిస్‌లో ఉండదు. రేపు బండి దొంగతనానికి పోయినా, పూర్తిగా నుజ్జయినా రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ ఇన్వాయిస్‌లో ఉన్నదాన్నే చూస్తుంది. మాట తప్పి బండి ఇవ్వకపోతే ఇచ్చినట్టు రుజువూ ఉండదు.

9. ససేమిరా అంటే

ముందు డీలర్‌కు ఈమెయిల్ రాసి, కంపెనీ కస్టమర్ కేర్‌కు కాపీ పెట్టండి. కొటేషన్, ‘కంపల్సరీ’ అన్న మెసేజ్ స్క్రీన్‌షాట్, ఆర్డర్ నంబర్ జతచేయండి. ఒక వస్తువు అమ్మడానికి ఇంకోటి కొనాలని షరతు పెట్టడం వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(41) కింద నిర్బంధ వ్యాపార పద్ధతి అవుతుందని అందులో రాయండి. ఆ ఒక్క వాక్యంతో మెత్తబడేవాళ్లు ఎక్కువ.

కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్ వింటుంది. 10 నుంచి 20 లక్షల మధ్య అయితే ఫీజు రూ.400, 20 నుంచి 50 లక్షల మధ్య రూ.1,000. డీలర్ చెన్నైలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ కుదురుతుంది. గడువు రెండేళ్లు. బండి చేతికి రావడం ముఖ్యమనుకుని ఎక్స్‌ట్రాలు కట్టేసినా దారి మూసుకుపోదు. కట్టేటప్పుడు ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ఈమెయిల్ పంపి, ప్రతి వరసకూ జీఎస్టీ బిల్లు విడిగా తీసుకుని దాచిపెట్టుకోండి.